ఆఖరి రోజున ఎన్ని వాట్లు? అంతరిక్ష సోలార్ సెల్ పరిశోధనలో ఉద్యోగానికి దరఖాస్తు చేయడం ఎలా

సోలార్ సెల్స్ మీద పిహెచ్‌డి చేసినవారు, చేస్తున్నవారు మన విశ్వవిద్యాలయాల్లో తక్కువేమీ కాదు. విదేశీ పోస్ట్‌డాక్ (పిహెచ్‌డి తర్వాతి పరిశోధక ఉద్యోగం) ప్రకటనలు చూస్తూ, 'అంతరిక్ష వినియోగానికి' అన్న మాట కనబడగానే ఇది మనకు కాదులే అని చాలామంది ఆ పేజీ మూసేస్తారు. ఇంకొందరు నేల మీది ప్యానెళ్ల కోసం రాసుకున్న దరఖాస్తులోనే 'అంతరిక్షం' అన్న మాటను రెండుచోట్ల ఇరికించి పంపేస్తారు. నేను ఈ రెండో కోవవాణ్ణి. నా మొదటి దరఖాస్తులో మా సెల్ సామర్థ్యం ఎంతో మూడుసార్లు రాశాను. అది ఎంతకాలం నిలుస్తుందో ఒక్కసారీ రాయలేదు. కారణం చెప్పకుండానే తిరస్కరించారు. తర్వాత మరో చోట ఇంటర్వ్యూ దాకా వెళ్లాను. ఎంపిక సంఘంలో ఒకావిడ నా గ్రాఫు చూసి అడిగిన మొదటి ప్రశ్నే నాకు విషయం తెలియజెప్పింది: "ఇది తొలి రోజు లెక్క. ఆఖరి రోజు లెక్క ఎంత?"

ఇంటి కప్పు మీది ప్యానెల్ పాడైతే మనిషి నిచ్చెన వేసుకుని ఎక్కుతాడు. ఉపగ్రహం దగ్గరకు ఎవరూ వెళ్లరు. అందుకే ఈ రంగంలో సెల్‌కు రెండు సామర్థ్యాలు చెబుతారు. ఒకటి ప్రయోగించిన నాటిది, రెండోది ఉపగ్రహం పని ముగించే నాటిది. కొనేవాడు చూసేది రెండోదాన్నే. మీ దరఖాస్తు, ఉత్తరం, ఇంటర్వ్యూ అన్నీ ఆ రెండో అంకె చుట్టూ తిరగాలి.

కింద చెప్పేదానికి ఉదాహరణగా వేల్స్‌లోని స్వాన్సీ విశ్వవిద్యాలయంలో జరిగిన పనిని తీసుకుంటున్నాను. దానికి మనతో చిన్న బంధుత్వం కూడా ఉంది. 2016 సెప్టెంబర్ 26న శ్రీహరికోట నుంచి ఎగిరిన పిఎస్‌ఎల్‌వి-సి35 రాకెట్‌లో ఆల్‌శాట్-1ఎన్ అనే చిన్న ఉపగ్రహం వెళ్లింది. అల్జీరియా, బ్రిటన్ కలిసి చేసిన ఆ ఉపగ్రహం మీద స్వాన్సీ బృందం తయారుచేసిన పలచటి పొర సోలార్ సెల్స్ నాలుగు ఉన్నాయి. వాటి కథ మీకు ఇంటర్వ్యూలో పనికొస్తుంది. అక్కడికి వస్తాను.

1. ప్రకటనలో మీ కుటుంబం ఏదో తేల్చుకోండి

'అంతరిక్ష సోలార్ సెల్స్' అనేది ఒకే పని కాదు. స్థూలంగా మూడు కుటుంబాలు ఉన్నాయి.

మొదటిది ఉపగ్రహాల మీద ఇప్పటికే రాజ్యమేలుతున్నది: జెర్మేనియం పలక మీద గాలియం ఆర్సెనైడ్ వంటి పొరలను ఒకదానిపై ఒకటి పెంచే మూడు జంక్షన్ల సెల్స్ (వెలుతురులో ఒక్కో రంగుల భాగాన్ని ఒక్కో జంక్షన్ పట్టుకుంటుంది). సామర్థ్యం 30 శాతం దరిదాపుల్లో ఉంటుంది, ఖరీదూ అదే స్థాయిలో ఉంటుంది. జర్మనీలో ఫ్రైబుర్గ్‌లోని ఫ్రాన్‌హోఫర్ ఐఎస్‌ఈ, స్పెయిన్‌లో మాడ్రిడ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం ఈ విద్యలో పేరున్నవి. ఎంఓసివిడి (ఆవిరి రూపంలోని రసాయనాలతో స్ఫటిక పొరలను పెంచే) యంత్రం ముందు ఏళ్లు గడిపినవారికి ఇక్కడ మొగ్గు ఉంటుంది.

రెండోది స్వాన్సీ బాట. ఉపగ్రహ సెల్స్ మీద ఎలాగూ ఒక రక్షణ గాజు అతికిస్తారు. దాని మందం 100 మైక్రాన్ల ప్రాంతంలో, అంటే మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. సెల్‌ను వేరేచోట తయారుచేసి గాజు అతికించడం ఎందుకు, ఆ గాజు మీదే క్యాడ్మియం టెల్యురైడ్ సెల్‌ను పెంచితే పోదా అన్నది వారి ఆలోచన. జిగురు, కింద బరువైన పలక రెండూ తప్పుతాయి. మన దగ్గర పలచటి పొరల మీద పనిచేసినవారికి అన్నిటికంటే దగ్గరి దారి ఇదే. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం లాంటి చోట్ల దశాబ్దాలుగా జరుగుతున్నది ఈ తరహా పనే.

మూడోది పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక నిర్మాణం గల కొత్త తరం పదార్థాలతో చేసే సెల్స్. ఇందులో ఉత్సాహం ఎక్కువ, అనుభవం తక్కువ. 2019లో స్వీడన్ నుంచి ఎగిరిన ఒక సౌండింగ్ రాకెట్‌లో (కక్ష్యలోకి చేరకుండా పైకి వెళ్లి కిందికి వచ్చేది) మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు ఈ సెల్స్‌ను కొద్ది నిమిషాలపాటు అంతరిక్షంలో పరీక్షించారు. 2023 జనవరిలో కాల్‌టెక్ పంపిన ప్రయోగంలో 32 రకాల సెల్స్ ఉన్నాయి. అందులో గాలియం ఆర్సెనైడ్ సెల్స్ నిలకడగా పనిచేస్తే, పెరోవ్‌స్కైట్ సెల్స్ ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు ఏఆర్‌సిఐలో గానీ ఐఐసిటిలో గానీ పెరోవ్‌స్కైట్ చేసినవారు ఈ తలుపు తట్టవచ్చు.

కుటుంబం తేలాక ఉద్యోగ వివరాల పత్రం తెరవండి. బ్రిటన్‌లో ప్రకటన వేరు, ఈ పత్రం వేరు. ఇందులో 'తప్పనిసరి అర్హతలు', 'ఉంటే మంచివి' అని రెండు జాబితాలు ఉంటాయి. ఎంపిక సంఘం సాధారణంగా ఈ జాబితానే పక్కన పెట్టుకుని ఒక్కో అంశానికి మార్కులు వేస్తుంది. తప్పనిసరి వాటిలో ఎక్కువ భాగం మీ దగ్గర ఉంటే దరఖాస్తు చేయండి. రెండో జాబితా చూసి బెదరకండి, అవన్నీ ఉన్న మనిషి అక్కడా దొరకడు. వేల్స్ ప్రకటనల్లో వెల్ష్ భాష స్థాయి అని ఒక వరుస కనబడుతుంది. పరిశోధక ఉద్యోగాలకు మామూలుగా అది అన్నిటికంటే కింది స్థాయే, ఊళ్ల పేర్లు సరిగా పలికితే చాలన్నంత. దాన్ని చూసి ఆగిపోయిన మిత్రుడు ఒకడు నాకు ఉన్నాడు, ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాం.

నిధులు ఎవరివి, ఎన్ని నెలలకు అన్నది కూడా చూడండి. రెండేళ్ల ప్రాజెక్టులో మొదటి ఆరు నెలలు గడిచాక ప్రకటన వెలువడితే మీకు మిగిలేది 18 నెలలే.

2. అంతరిక్షం సెల్‌ను ఎలా చంపుతుందో నేర్చుకోండి

దీనికి ఒక వారం కేటాయించండి. దరఖాస్తుకు పడే శ్రమలో అత్యంత విలువైన వారం ఇదే.

అన్నిటికంటే ముందు రేడియేషన్. భూమి చుట్టూ ఉన్న వలయాల్లోని ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు సెల్‌లోకి దూసుకొచ్చి స్ఫటికంలో పరమాణువులను వాటి చోటు నుంచి తోసేస్తాయి. ఆ ఖాళీలు విద్యుత్ వాహకాలకు ఉచ్చుల్లా మారతాయి. వెలుతురు అంతే ఉన్నా కరెంటు తగ్గుతూ పోతుంది. దీన్ని కొలవడానికి ఈ రంగంలో అందరికీ తెలిసిన ఒక గీటురాయి ఉంది: ఒక మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్ శక్తి గల ఎలక్ట్రాన్లను చదరపు సెంటీమీటరుకు ఒకటి పక్కన 15 సున్నాలన్ని కొట్టి, తర్వాత సెల్ ఎంత మిగిలిందో చూడటం. మంచి మూడు జంక్షన్ల సెల్ దాదాపు 85 శాతం నిలుపుకుంటుంది. ఈ ఒక్క వాక్యం కంఠతా వచ్చినా మీరు బయటివారు కాదని ఎదుటివారికి తెలుస్తుంది.

తర్వాత ఉష్ణోగ్రత. భూమికి దగ్గరి కక్ష్యలో ఉపగ్రహం గంటన్నరకు ఒక చుట్టు తిరుగుతుంది. రోజుకు 15, 16 సార్లు ఎండలోంచి నీడలోకి, నీడలోంచి ఎండలోకి వస్తుంది. ఏడాదికి ఐదున్నర వేల పైచిలుకు సార్లు కాగి చల్లారుతుంది. గాజు ఒక తీరున, లోహం ఇంకో తీరున వ్యాకోచిస్తాయి. పొరలు ఊడిపోయేది, అతుకులు తెగేది ఇక్కడే.

శూన్యం సంగతి వేరు. జిగురులో, ప్లాస్టిక్‌లో దాగిన ఆవిర్లు బయటికొచ్చి పక్కనున్న కెమెరా కటకం మీద పొగలా పేరుకుంటాయి. అందుకే పదార్థాన్ని శూన్యంలో 125 డిగ్రీల వద్ద 24 గంటలు ఉంచి, బరువు ఒక శాతం కన్నా ఎక్కువ తగ్గకూడదని, చల్లటి పలక మీద పేరుకునేది 0.1 శాతం దాటకూడదని ప్రమాణం పెట్టుకున్నారు. మీరు సెల్ వెనుక పూసే కార్బన్ పేస్టు ఈ పరీక్ష నెగ్గుతుందా? మీ గైడ్‌ను అడిగి చూడండి, ఆయన కూడా ఆలోచనలో పడవచ్చు.

అతినీలలోహిత కిరణాలు, దిగువ కక్ష్యలో ఆక్సిజన్ పరమాణువులు మిగిలిన శత్రువులు. ఈ రెండోది పాలిమర్ పొరలను కొరికేస్తుంది, వెండి అతుకులను తినేస్తుంది.

3. మీ పాత ఫలితాలను కొత్త కొలతల్లోకి మార్చండి

నేల మీద సోలార్ సెల్‌ను చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురులో కొలుస్తాం, దానికి ఏఎం 1.5 అని పేరు. వాతావరణం దాటితే అది దాదాపు 1361 వాట్లు, ఏఎం జీరో. వెలుతురు 36 శాతం పెరిగినంత మాత్రాన కరెంటు అంత పెరగదు. పెరిగిన దానిలో కొంత మీ సెల్ వాడుకోలేని రంగుల్లో ఉంటుంది. అందుకే శాతం లెక్కలో సామర్థ్యం మామూలుగా కొంచెం పడిపోతుంది. దీనికి కొత్త ప్రయోగం అక్కరలేదు. మీ దగ్గర ఈక్యూఈ కొలతలు (ఒక్కో తరంగదైర్ఘ్యం వద్ద సెల్ మీద పడిన ఫోటాన్లలో ఎంత వంతు కరెంటుగా మారుతుందో చెప్పేవి) ఉంటే చాలు. ఏఎం జీరో వర్ణపటం పట్టిక అమెరికాలోని ఎన్‌ఆర్‌ఈఎల్ అనే ఇంధన పరిశోధన సంస్థ (2025 చివర్లో దాని పేరు నేషనల్ లేబొరేటరీ ఆఫ్ ది రాకీస్‌గా మారింది) ఉచితంగా ఇస్తుంది. ఒక్కో తరంగదైర్ఘ్యం వద్ద ఫోటాన్ల సంఖ్యను మీ ఈక్యూఈతో గుణించి కూడి, ఎలక్ట్రాన్ ఆవేశంతో గుణిస్తే అంతరిక్షంలో మీ సెల్ ఇచ్చే కరెంటు వస్తుంది. ఒక సాయంత్రం పని.

ఇక బరువు. ఇక్కడ అసలు అంకె కిలోకు ఎన్ని వాట్లు అన్నది. స్వాన్సీ ఆలోచన ఎందుకు పుట్టిందో మీరే లెక్కగట్టి చూడండి.

100 మైక్రాన్ల గాజు, సాంద్రత 2.5 అనుకుంటే, చదరపు మీటరుకు 250 గ్రాములు. దాని మీది క్యాడ్మియం టెల్యురైడ్ పొరలు కొద్ది మైక్రాన్లే, లెక్కలోకి తీసుకోనక్కరలేదు. సామర్థ్యం ఏఎం జీరోలో 12 శాతం అనుకుందాం. 1361లో 12 శాతం 163 వాట్లు. అంటే కిలోకు సుమారు 650 వాట్లు.

ఇప్పుడు మూడు జంక్షన్ల సెల్. 150 మైక్రాన్ల జెర్మేనియం పలక ఒక్కటే చదరపు మీటరుకు 800 గ్రాములు. పైన అదే గాజు 250. మొత్తం 1050 గ్రాములు. సామర్థ్యం 30 శాతం, అంటే 408 వాట్లు. కిలోకు 390.

మొదటిదే గెలిచిందని సంబరపడకండి. అంతే విద్యుత్తుకు దానికి రెండున్నర రెట్ల వైశాల్యం కావాలి. అంత పెద్ద రెక్కను మడిచి రాకెట్‌లో పెట్టాలి, పైకి వెళ్లాక విప్పాలి. చట్రం, కీళ్లు, తీగల బరువు కలిపితే తేడా చాలావరకు కరిగిపోతుంది. ఆ చట్రం కూడా తేలికగా, బట్టలా చుట్టేలా ఉంటేనే ఈ సెల్‌కు అర్థం. ఈ రెండు వైపులా మీ అంతట మీరు రాసి చూపిస్తే, ప్రకటన మాటలనే తిప్పి రాసిన దరఖాస్తులన్నిటికంటే మీది ముందుంటుంది.

వీలైతే ఒక చిన్న ప్రయోగం జోడించండి. పాత సెల్స్ నాలుగు తీసుకుని హాట్‌ప్లేట్ మీద వేడి చేయడం, ద్రవ నైట్రోజన్ ఆవిరిలో చల్లార్చడం, ఇలా ఒక యాభై సార్లు. ముందూ వెనుకా ఐ-వి (కరెంటు-వోల్టేజి) గ్రాఫులు. చివర్లో టేపు అతికించి లాగి, పొర ఊడిందో లేదో చూడటం. ఇది అధికారిక ప్రమాణం కాదు, దరఖాస్తులో అలా చెప్పుకోవద్దు కూడా. కానీ ప్రశ్న ఏమిటో మీకు అర్థమైందని చూపిస్తుంది. రేడియేషన్ పరీక్ష కావాలనుకునేవారు ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌కు గైడ్ ద్వారా ప్రతిపాదన పంపవచ్చు. విశ్వవిద్యాలయాల పరిశోధకుల కోసమే అది ఉంది. అయితే సమయం పడుతుంది, ప్రకటన వచ్చాక మొదలుపెట్టే పని కాదు.

4. ప్రొఫెసర్‌కు ఉత్తరం

ప్రకటనలో 'వివరాలకు సంప్రదించండి' అని ఒక పేరు ఉంటుంది. మనవాళ్లు రాసే ఉత్తరం నాకు తెలుసు, నేనూ రాశాను. గౌరవనీయులైన సర్‌తో మొదలై, మీ కీర్తి విన్నానని ఒక పేరా, నేను కష్టపడి పనిచేస్తానని ఇంకో పేరా, చివర 14 పేజీల రెజ్యూమె. ఆ ఉత్తరానికి జవాబు రాదు.

ఎనిమిది వాక్యాలు చాలు. 'డాక్టర్' లేదా 'ప్రొఫెసర్' అని ఇంటిపేరుతో సంబోధించండి. మీరు ఎవరో ఒక వాక్యం. మీ సెల్ ఏమిటో, పైన చెప్పిన లెక్కలో ఏం తేలిందో రెండు వాక్యాలు. వారి ఫలితాల్లో ఒకదాని గురించి నిజంగా మీకు కలిగిన ఒక ప్రశ్న. ఈ ఉద్యోగంలో సెల్ తయారీ ఎక్కువా, పరీక్షలు ఎక్కువా అని ఒక ప్రశ్న. ధన్యవాదాలు, సంతకం. వినయం మన అలవాటే, తప్పు లేదు. కానీ పొగడ్త ఉత్తరాన్ని పొడుగు చేస్తుంది తప్ప పని చేయదు.

పేరు విషయంలో ఒక జాగ్రత్త. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. పరిశోధన పత్రాల్లో ఒక పొట్టి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో మరోలా ఉంటాయి. దరఖాస్తు, వీసా అన్నీ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. ఆర్కిడ్ సంఖ్య (ఒక్కో పరిశోధకుడికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకుని పత్రాలన్నీ దానికి ముడిపెట్టండి. లేకపోతే మీ పత్రాలు మీవి కాదనిపిస్తాయి.

5. దరఖాస్తు

అర్హతల జాబితాలోని ఒక్కో అంశాన్నీ శీర్షికగా పెట్టి, కింద మూడు నాలుగు వాక్యాల్లో రుజువు రాయండి. 'శూన్య పూత పద్ధతుల్లో అనుభవం ఉంది' అనడం రుజువు కాదు. ఏ యంత్రం మీద, ఏ పొర, ఎన్ని నమూనాలు, యంత్రం చెడిపోతే ఎవరు బాగుచేశారు అన్నది రుజువు. మన ప్రయోగశాలల్లో పంపు ఆయిల్ మార్చడం నుంచి లీకు వెతకడం దాకా విద్యార్థే చేస్తాడు. దాన్ని చిన్నతనంగా భావించి దాచకండి, అక్కడ అది గొప్ప అర్హత.

థీసిస్ సమర్పించి వైవా కోసం ఎదురుచూస్తున్నవారు ఆ మాట తేదీతో సహా రాయండి. పట్టా చేతికి వచ్చేదాకా కింది హోదాలో చేర్చుకుని, వచ్చాక పెంచే పద్ధతి బ్రిటన్‌లో మామూలే.

సిఫారసు చేసేవారికి ముందే చెప్పి, మీ కొత్త లెక్కల పేజీ ఒకటి వారికి ఇవ్వండి. సంస్థ ఇచ్చిన మెయిల్ చిరునామా నుంచే ఉత్తరం పంపమని కోరండి.

6. ఇంటర్వ్యూ

ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం వరకు బ్రిటన్ మనకంటే నాలుగున్నర గంటలు, మిగతా కాలంలో ఐదున్నర గంటలు వెనుక.

ఇప్పుడు ఆల్‌శాట్ కథ. స్వాన్సీ, సర్రే విశ్వవిద్యాలయాల వారు ఆ నాలుగు సెల్స్‌ను ఆరేళ్లు, 30,000 చుట్ల పాటు గమనించి 2023లో ఫలితాలు చెప్పారు. పొరలు గాజు నుంచి ఊడలేదు, అది విజయం. కానీ శక్తి తగ్గుతూ వచ్చింది. కారణాన్ని వారు దాచలేదు. వెనుక వైపు బంగారు కాంటాక్టు నుంచి బంగారం మెల్లగా సెల్‌లోకి చొరబడి ఉంటుందని, అందువల్ల షంట్ నిరోధం (కరెంటు సెల్ లోపలే అడ్డదారిన కారకుండా ఆపేది), దానితో ఫిల్ ఫ్యాక్టర్ (సెల్ ఇచ్చే గరిష్ఠ శక్తికి, దాని గరిష్ఠ కరెంటు, వోల్టేజిల లబ్ధానికి ఉన్న నిష్పత్తి) పడిపోయాయని రాశారు.

మీకు ఇలాంటి ప్రశ్నే వేస్తారు: "ఫిల్ ఫ్యాక్టర్ పడిపోయింది. ఎక్కడ మొదలుపెడతారు?" కాగితం తీసుకుని ఐ-వి గ్రాఫు గీయండి. వోల్టేజి సున్నా దగ్గర గీత చదునుగా ఉండాల్సింది వాలిపోయిందా? అయితే కరెంటు సెల్ లోపలే అడ్డదారిన కారిపోతోంది, అది షంట్. రెండో కొన దగ్గర నిటారుగా దిగాల్సింది పక్కకు ఒరిగిందా? అది శ్రేణి నిరోధం, కాంటాక్టో అతుకో చెడింది. చీకట్లో కూడా కొలిచి సరిచూస్తానని చెప్పండి. ఆ తర్వాత, బంగారం చొరబడని కాంటాక్టు ఏదైనా మీరు వాడి ఉంటే, దాని గురించి మాట్లాడండి. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, తెలుసుకోవడానికి ఏ కొలత చేస్తారో చెప్పండి. చిన్నప్పటి నుంచి వైవాల్లో ఏదో ఒకటి చెప్పడం అలవాటైన మనకు ఇదే కష్టం.

మీరూ ఒక ప్రశ్న సిద్ధం చేసుకోండి. కక్ష్యలో పరీక్షించే అవకాశం ఈ ప్రాజెక్టులో ఉందా, లేక నేల మీది పరీక్షలతోనే ముగుస్తుందా?

7. ఉద్యోగం వచ్చాక

బ్రిటన్‌లో ఇలాంటి విషయాలకు భారతీయులకు వీసాకు ముందు ఏటాస్ అనే అనుమతి పత్రం మామూలుగా అవసరమవుతుంది. సైనిక వినియోగానికి కూడా పనికొచ్చే విజ్ఞానం బయటికి పోకుండా చూసే తనిఖీ అది. రుసుము లేదు, కనీసం 30 పనిదినాలు పడుతుంది. మీ పరిశోధన వర్ణన విశ్వవిద్యాలయం రాసి ఇస్తుంది, అక్షరం మార్చకుండా అదే పెట్టండి. అది చేతికి వచ్చేదాకా ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి, విమానం టికెట్టు కొనకండి. అమెరికా వైపు చూసేవారు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. అంతరిక్ష సాంకేతికత మీద అక్కడ ఎగుమతి నియంత్రణ చట్టాలు ఉన్నాయి. ప్రకటనలో పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే అని ఉంటే ఆ రోజు ఇంకో దరఖాస్తు రాసుకోండి.

ఆ 30 పనిదినాల్లో చేయదగ్గ పని ఒకటుంది. ప్రయోగశాల సామగ్రి అమ్మే దుకాణంలో మైక్రోస్కోపు కవర్ స్లిప్పుల పెట్టె ఒకటి కొనుక్కోండి. మామూలు రకం మందం 130 నుంచి 160 మైక్రాన్లు ఉంటుంది. అక్కడ మీ చేతికి వచ్చే గాజు అంతకన్నా పలచన. పట్టకారుతో ఒక మూల పట్టుకుని ఎత్తండి, కడగండి, నైట్రోజన్ లేకపోతే గాలి బల్బుతో ఆరబెట్టండి, మళ్లీ పెట్టెలో పెట్టండి. మొదటి రోజు సగం పగులుతాయి. పట్టకారును గట్టిగా నొక్కడం వల్ల కాదు, ఎత్తేటప్పుడు మణికట్టు తిప్పడం వల్ల. రెండో పెట్టె కొనేసరికి చేయి నిలుస్తుంది.